జేబు కెమెరా మంచిచెడ్డలు

జూన్ 6

వదినగారికి,

డిపో స్టోర్సులో టైర్ల గుట్టకు ఎదురుగా కూర్చుని రాస్తున్నాను. నేను బాగున్నాను, టైర్లూ బాగున్నాయి. మీ మోకాలు ఎలా ఉంది?

ఈ పార్సిల్లో ఒక కెమెరా ఉంది. సబ్బుపెట్టె అనుకుని పక్కన పెట్టేరు. అంతే ఉంటుంది మరి. దీనికి ఫిల్ము అక్కర్లేదు. తీసిన ఫొటో వెనకాల స్క్రీను మీద అప్పటికప్పుడు కనపడుతుంది. లోపల ఉండే గోరంత కార్డు తీసుకెళ్ళి స్టూడియోలో ఇస్తే ప్రింట్లు వేసిస్తారు.

సంగతేమిటంటే, మా బస్సులకు దెబ్బ తగిలినప్పుడల్లా సొట్ట ఎక్కడ, గీత ఎంత అని నేను కాగితం మీద బొమ్మ గీసి పంపాలి. మొన్న గీసినది చూసి మేనేజరుగారు, "అమ్మా, ఇది బస్సా, బీరువానా?" అన్నారు. అందుకని డిపోకి చిన్న కెమెరాలు కొందామనుకుంటున్నారు. ఏది కొనాలో తేల్చే పని నా నెత్తిన పడింది. దుకాణంవాళ్ళు చూడ్డానికి ఒకటి ఇచ్చారు. నాకు నచ్చి అలాంటిదే ఇంకొకటి సొంతానికి కొన్నాను. ఇది ఆ రెండోది.

మీరు రెండు పనులు చేసిపెట్టాలి. మన మనవరాలు పిడుగు ఫొటోలు తీసి పంపాలి. దాన్ని చూసి ఏడాది దాటింది, ఫోనిస్తే ఊపిరి తప్ప మాట వినిపించదు. రెండోది, ఈ కెమెరా మంచిచెడ్డలు మొహమాటం లేకుండా రాయాలి. వియ్యపురాలు ఇచ్చింది కదా అని మెచ్చుకోవద్దు. ఫోన్లో మనం "బాగున్నారా", "బాగున్నాం" దాటి ఎన్నడూ మాట్లాడుకోలేదు. కాగితం మీదైతే మీకు నోరు పెగులుతుందని నా ఆశ.

మీ వదిన

జూన్ 24

వదినగారూ,

నోరు పెగలదనా మీ అనుమానం? నా షాపుకొచ్చే ఆడవాళ్ళనడగండి. జాకెట్టు కొలతలకు వచ్చినవాళ్ళు నా కబుర్లకు చిక్కి, ఇంటికెళ్ళేసరికి కొలతలే మారిపోయుంటాయి. మీ ముందు నోరు కట్టుకున్నది మీరు ఆఫీసు మనిషని.

మోకాలు మెట్లెక్కేటప్పుడే గుర్తొస్తుంది. అందుకే పైఅంతస్తులో ఉన్న మావాడింటికి పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి తప్ప వెళ్ళను. వాళ్ళిద్దరూ ఉద్యోగాలకు వెళ్ళగానే పిడుగే కిందికి, నా కుట్టుషాపులోకి దిగుతుంది. మిషన్ల కింద దూరడం, గుండీల డబ్బా ఒంపడం, వచ్చినవాళ్ళ చెప్పులు మార్చడం, ఇదీ దాని ఉద్యోగం.

ఇక మీ సబ్బుపెట్టె. టేపు వేసుకునే జేబులోనే ఇమిడిపోయింది, ఒక చేత్తో కత్తెర, ఒక చేత్తో కెమెరా. దగ్గరి వస్తువు ఇది తీసినట్టు నా కళ్ళు కూడా చూడవు. ఒక అంచుకుట్టు తీశాను, పోగు పోగూ లెక్కపెట్టొచ్చు. ఎవరో పరికిణీ నమూనా తెస్తే కాగితం మీద గీసుకోకుండా ఫొటో కొట్టేశాను. ఆ మేలు ఊరికే పోదు.

చెడ్డ అడగనే అడిగారు. బటన్ నొక్కాక ఇది ఆలోచిస్తుంది. మీ అన్నయ్యగారు బతికున్న రోజుల్లో "కుళాయి కట్టండీ" అంటే అరనిమిషం ఆగి "ఏంటీ?" అనేవారు చూడండి, అచ్చం అలాగే. ఇది ఆలోచించి "క్లిక్" అనేలోపు పిడుగు అక్కడ ఉండదు. ఎండలోకి వెళ్తే స్క్రీను మీద నా మొహమే కనిపిస్తుంది, ఎదుటివాళ్ళది కాదు. మబ్బు పడితే బొమ్మంతా రవ్వ ఒలికినట్టు గరుకు. జూమ్ చేస్తే నా చేతి వణుకు మొత్తం కెమెరాకి ఎక్కుతుంది. బ్యాటరీ సంగతి చెప్పను, సరిగ్గా పిల్ల నవ్వినప్పుడే చచ్చిపోతుంది.

బస్సు కదలదు కాబట్టి మీ డిపోకి పనికొస్తుంది. మన పిల్ల నిలవదు కాబట్టి నాకు చుక్కలు చూపిస్తోంది. ప్రింట్లు పంపుతున్నాను, తిట్టుకోకండి.

మీ వదిన

జూలై 8

వదినగారికి,

ఉత్తరం చదివి స్టోర్సులో ఒక్కదాన్నే పగలబడి నవ్వాను. గ్రీజు డబ్బా కోసం వచ్చిన మెకానిక్కు, మేడంగారికి ఏమైందోనని వెనక్కి వెళ్ళిపోయాడు.

ప్రింట్లు చూశాను. పిడుగు వీపు చూశాను. మోచెయ్యి చూశాను. గాల్లో ఒక చెప్పు చూశాను. ఒక్కదాంట్లో పక్కకు తిరిగిన మొహం దొరికింది. ముక్కు మీవైపుది, బుగ్గలు మావైపువి. సంతోషం.

ఒక్క మాట అడగాలా వద్దా అని రెండు రోజులు తటపటాయించాను. ఇన్ని ఫొటోల్లో మా అమ్మాయి లేదు. నాలుగింట్లో మాత్రం ఒక చెయ్యి ఉంది. గాజు చూసి గుర్తుపట్టాను. ఇంటికి కోడలైనంత మాత్రాన చేతితో సరిపెట్టుకోవాలా? తప్పుగా అనుకోకండి. తల్లి మనసు కదా, రకరకాలుగా పోతుంది.

కెమెరా గురించి మీరు రాసినవన్నీ నిజమే. ఇక్కడ ఎండలో బస్సు తీయబోతే స్క్రీను మీద నా మొహమే కనపడింది. అదీ ఒక సొట్టే అనుకుని ఊరుకున్నాను.

మీ వదిన

జూలై 15

వదినగారూ,

చెయ్యి చూసి ఇంత కథ అల్లారా! చెప్తాను వినండి. పిడుగు ఇటు చూడాలంటే ఎవరో ఒకరు కెమెరా పక్కన తాళంచెవులు ఊపాలి. ఆ ఊపే మనిషి మీ అమ్మాయి. ఆఫీసునుంచి వచ్చీరాగానే, చేతిసంచి కూడా దించకుండా, "అత్తయ్యా, ఈసారి పడుతుంది, కొట్టండి కొట్టండి" అని నాకంటే ఎక్కువ ఎగురుతుంది. మొహం ఎలా పడుతుంది?

కోపం దిగాక మీ మాటలో న్యాయం ఉందనిపించింది. ఊపేదాన్ని ఫొటోలో పెట్టాలన్న జ్ఞానం నాకుండాలి.

అందుకని స్టూడియో ఆయన్ని అడిగాను. ఆయన చెప్పాడు: బటన్ ఒకేసారి నొక్కెయ్యకూడదట. సగం నొక్కి పట్టుకుంటే అది తన ఆలోచన ముందే ముగించుకుంటుంది. తర్వాత మిగతా సగం నొక్కితే వెంటనే పడుతుంది. మీ డిపోవాళ్ళకి ఇది ముఖ్యంగా చెప్పండి. ఈ కిటుకు ముందే తెలిసుంటే అన్ని వీపులు తీసేదాన్ని కాదు.

నిన్న సాయంత్రం మా గదిలో తల్లీకూతుళ్ళని మంచం మీద కూర్చోబెట్టి, ఎదురుగా ముక్కాలిపీట వేసుకుని, ఫ్లాష్ పెట్టి తీశాను. ఇదిగో. ఇద్దరూ కెమెరా వంకే చూస్తున్నారు. మీ అమ్మాయి నవ్వు చూడండి, అది నేను పెట్టిన ముద్దకి వచ్చిన నవ్వు.

కొత్త చెడ్డ ఒకటి బయటపడింది. ఫ్లాష్ వేస్తే కళ్ళు ఎర్రగా వస్తున్నాయి. మీ అమ్మాయివి రెండూ నిప్పుకణికలే. పిల్లకు మాత్రం ఒకటి నిప్పు, ఒకటి బూడిద. పిసినారి కెమెరా, మూడు కళ్ళకు సరిపడా ఎరుపే ఉన్నట్టుంది దీని దగ్గర.

మీ వదిన

జూలై 24

వదినగారికి,

మా అమ్మాయిని చూపించారు. మీ రుణం ఉంచుకోను. ఒళ్ళు చేసింది, చూసి కడుపు నిండింది. చెయ్యి గురించి నేనన్న మాట మరిచిపోండి.

ఆ ఫొటో నా బల్ల అద్దం కింద పెట్టుకున్నాను. రోజూ చూడగా చూడగా ఒకటి మనసుకు పట్టుకుంది. కళ్ళు ఎర్రబడటం ఈ చిన్న కెమెరాల గుణమే, ఫ్లాష్ లెన్సుకు మరీ దగ్గరుంటుంది కాబట్టి అలా వస్తుందని దుకాణం ఆయన చెప్పాడు. సరే. కానీ వస్తే రెండూ రావాలి కదా? పిడుగు ఎడమకన్ను మాత్రం ఎందుకు తెల్లగా వచ్చింది?

నాకు పని తక్కువై ఇలా ఆలోచిస్తున్నానని మీరనొచ్చు. నేను డిపోలో కనిపించినవాళ్ళందరినీ స్టోర్సులోకి పిలిచి, చీకట్లో నిలబెట్టి తీశాను. డ్రైవర్లు, కండక్టర్లు, ఊడ్చే ఆవిడ, చివరికి మేనేజరుగారు. "మేడం, మాకూ సొట్టలున్నాయేమో చూస్తున్నారా?" అని నవ్వుకున్నారు. అందరికీ రెండు కళ్ళూ ఒకేలా వచ్చాయి. కెమెరా పిసినారి కాదు వదినగారూ.

ఏమీ కాకపోవచ్చు. తల కొంచెం వాల్చి ఉండొచ్చు. ఫ్లాష్‌తోనే, ఎదురుగా కూర్చోబెట్టి ఇంకో రెండు మూడు తీసి పంపండి. అమ్మాయికి ఇప్పుడే చెప్పకండి, ఊరికే బెంగపెట్టుకుంటుంది.

మీ వదిన

జూలై 25

వదినగారూ,

మీ జవాబు రాకముందే రాస్తున్నాను, ఆగలేక. ఎర్రకళ్ళ రోగానికి మందు దొరికింది! పక్కనున్న చిన్న బటన్ నొక్కుతూ పోతే స్క్రీను మీద కంటిబొమ్మ ఒకటి వస్తుంది. అది పెడితే ఫ్లాష్ ముందుగా మినుకు మినుకుమని కన్నుకొట్టి, తర్వాత వెలుగుతుంది. ఎరుపు లేదు, బూడిద లేదు. నల్లద్రాక్షల్లాంటి కళ్ళు. మా షాపుకొచ్చినవాళ్ళంతా పిడుగుని ఈ ఫొటోలో చూసి దిష్టి తగులుతుందన్నారు.

ఈ కెమెరా చెడ్డల్లో ఒకటి కొట్టేయండి. మీ మేనేజరుగారికి ధైర్యంగా రాయండి.

మీ వదిన

ఆగస్టు 1

వదినగారికి,

మన ఉత్తరాలు దారిలో ఒకదాన్నొకటి దాటుకుపోయాయి. నాది చేరే ఉంటుంది.

మీరు పంపిన ఫొటో చాలా అందంగా ఉంది. ఈ అందం నాకొద్దు. ఆ కంటిబొమ్మ తీసేసి మళ్ళీ తీయండి. లేదా తీయనే వద్దు, పిల్లను కళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి. పొద్దస్తమానం మీ కళ్ళెదుటే తిరిగే పిల్ల కదా, మీకెప్పుడూ ఏ తేడా కనపడలేదా? టీవీ పక్కనించి చూడటం, మెట్ల దగ్గర తడబడటం లాంటివి? గుర్తు తెచ్చుకోండి.

ఇంతకంటే ఏం రాయాలో తోచడం లేదు.

మీ వదిన

ఆగస్టు 6

వదినగారికి,

మీ రెండు ఉత్తరాలూ అందాయి. నాకెప్పుడూ ఏ తేడా కనపడలేదా అని అడిగారు. కనపడలేదండీ. పుట్టిన పదోనెల నుంచి నా ఒళ్ళో పెరిగిన పిల్ల. దానికి ఎప్పుడు ఆకలేస్తుందో, ఎప్పుడు అబద్ధం చెబుతుందో మొహం చూసి చెప్పగలను. దూరాన కూర్చుని కాగితమ్ముక్క చూసి కంటికి వంక పెట్టడం తేలిక. సూదిలో దారమెక్కించడానికి కళ్ళజోడు కావాల్సిన ముసలిది పిల్లనేం చూస్తుందిలే అనుకున్నారేమో. ఆ మాట నేరుగా అనేస్తే పోయేది.

పిల్ల పరుగెత్తుతుంది, గుండీలేరుతుంది, వీధి చివర మావాడి స్కూటరు చప్పుడు వినగానే గుమ్మంలో ఉంటుంది. దానికేం కాలేదు.

అదే రోజు, రాత్రి

పై ముక్క రాసి కవరులో పెట్టాను. జిగురు రాయలేదు. పిడుగు కాళ్ళ దగ్గరే ఆడుకుంటోంది. మీరన్న మాట ముల్లులా గుచ్చుతూనే ఉంది. సరే, ఈవిడ నోరు మూయించాలంటే రుజువుండాలి కదా అని, లైనింగు గుడ్డ ఒక పట్టీ చింపాను.

"దొంగాట ఆడదామా? ఒక కంటికి కట్టుకుంటే సగం దొంగ" అన్నాను. గంతులేసింది.

ముందు ఎడమకన్ను కట్టాను. షాపంతా పరుగెత్తింది. మిషన్ల మధ్యనుంచి దూరి, పడిపోయిన బొత్తాం తెచ్చి నా చేతిలో పెట్టింది. చూశారా అనుకున్నాను, మీరు ఎదురుగా ఉన్నట్టే.

తర్వాత కుడికన్ను కట్టాను. కదల్లేదు వదినగారూ. మన పిడుగు, నిలబెట్టడానికి తాళంచెవులు కావాల్సిన పిల్ల, నిలబడిపోయింది. రెండు చేతులూ ముందుకు చాపింది. "నాయనమ్మా, లైటెయ్యి" అంది. పట్టపగలు. షాపు తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి.

"నాన్నా, నేనిక్కడే ఉన్నా, రా" అంటే గొంతు వినపడ్డ వైపు ఒక్కో అడుగూ వేసింది. ముక్కాలిపీట తగిలింది. ఏడవలేదు, గుడ్డ లాగేసుకుని నా వంక చూసి, "ఇంక ఈ ఆట వద్దు" అంది. పాపిష్టిదాన్ని, నేను దాన్ని ఒళ్ళోకి తీసుకుని ఏడ్చాను. షాపుకొచ్చినావిడ జాకెట్టు పాడైందేమోనని కంగారుపడింది.

సాయంత్రం ఇద్దరికీ చెప్పేశాను. మీరు వద్దన్నారు, దాచడం నా వల్ల కాలేదు. మీ అమ్మాయి నీరుకారిపోతుందనుకున్నాను. ఫోన్ తీసి అప్పటికప్పుడు డాక్టరు దగ్గర సమయం తీసుకుంది. గట్టి పిల్ల.

ఆగస్టు 9

పై ముక్కలు పంపకుండా ఆపాను, ఫలితం కూడా కలిపి పంపుదామని. మొన్న ఫోన్లో మీ అమ్మాయి టూకీగా చెప్పింది కదా, వివరంగా నేను చెప్తాను.

డాక్టరమ్మ చుక్కలమందు వేసి, కంటిపాపలు పెద్దవయ్యాక లోపలికి లైటు పెట్టి చాలాసేపు చూసింది. మేం ముగ్గురం గోడకు బొమ్మల్లా నిలబడ్డాం. చివరికి ఆవిడ కుర్చీ వెనక్కి జరిపి, "కంగారు పడాల్సిన పెద్ద జబ్బులేవీ లేవు" అంది. మావాడు నా చెయ్యి ఎంత గట్టిగా పట్టుకున్నాడో అప్పటిదాకా తెలియలేదు.

ఎడమకంటికి పుట్టుకనుంచీ పవరు బాగా ఎక్కువట. అది పంపే బొమ్మ మసగ్గా ఉంటుందని మెదడు దాన్ని పట్టించుకోవడం మానేసి, కుడికంటితోనే సంసారం నడిపిస్తోందట. అలా వదిలేస్తే ఆ కన్ను చూడటమే మర్చిపోతుందట. ఇప్పుడు అద్దాలు పెట్టి, రోజూ కాసేపు బాగున్న కంటికి పట్టీ వేస్తే, బద్ధకం వదిలి పనిలోకి వస్తుంది. బడికెళ్ళి పెద్దయ్యాక తెలిసుంటే కష్టమయ్యేదట.

"కన్ను చూడ్డానికి బాగానే ఉంది, మెల్ల కూడా లేదు. ఎలా గుర్తుపట్టారు?" అని అడిగింది.

నేను ఫొటో తీసి చూపించి, "నేను గుర్తుపట్టలేదమ్మా. మా వదినగారు పట్టారు, దూరం నుంచి" అన్నాను. ఫ్లాష్ ఫొటోలో కంటిపాప తెల్లగా పడితే ఎవరైనా సరే ఆలస్యం చేయకుండా చూపించాలని ఆవిడ గట్టిగా చెప్పింది. మీ డిపోలో అందరికీ చెప్పండి.

మొదటి ముక్క చింపేద్దామనుకున్నాను. ఉంచేశాను. నేను ఎంత మొండిదాన్నో మీకు తెలియాలిగా.

మీ వదిన

ఆగస్టు 17

వదినగారికి,

మొదటి ముక్క నాకు చాలా నచ్చింది. అందులో మీరు మీలాగా ఉన్నారు.

"మీకు కనపడలేదా" అని రాయడం నా పొరపాటు. ఆ మాట భయంతో వచ్చింది. కోపంతో రాలేదు. మీ ఒళ్ళో పెరిగింది కాబట్టే ఆ పిల్ల ఒక్క కంటితోనే లోకమంతా పరుగెత్తింది. భయం తెలిసిన పిల్లయితే ఎప్పుడో ఒక మూల కూర్చుని ఉండేది, మనకి ముందే తెలిసేదేమో. ఎవర్నేమనగలం.

మేనేజరుగారికి కాగితం రాసిచ్చాను. దగ్గరి వస్తువులకు బాగుంటుంది, ఎండలో స్క్రీను కనపడదు, బటన్ సగం నొక్కి ఆగాలి, బ్యాటరీలు అదనంగా కొనాలి అని మీ మాటలే దించాను. ఎర్రకళ్ళ దగ్గర మాత్రం కలం ఆగిపోయింది. లోపమని రాయడానికి మనసొప్పలేదు, సుగుణమని రాస్తే నవ్వుతారు. "బస్సులకు ఈ విషయం వర్తించదు" అని రాసి సంతకం పెట్టాను. రెండు కెమెరాలు కొన్నారు.

సెలవు అడిగాను, ఇచ్చారు. వచ్చే నెల మొదట్లో వస్తున్నాను. నాకు మంచం వద్దు, మీ షాపులో మిషన్ల మధ్య ఒక చాప చాలు. మనం మాట్లాడుకోవాల్సినవి చాలా ఉన్నాయి.

మీ వదిన

జనవరి 20

వదినగారూ,

మీరు వెళ్ళి ఇన్ని నెలలైనా షాపుకొచ్చేవాళ్ళు "మీ వదినగారు మళ్ళీ ఎప్పుడొస్తారు?" అని అడుగుతున్నారు. నా పేరు అడిగేవాళ్ళు తగ్గారు. మీరు సర్ది వెళ్ళిన గుండీల డబ్బాలు అలాగే ఉన్నాయి, రంగు ప్రకారం. పిడుగు కూడా వాటిని ఒంపడం మానేసింది, మీరు తిడతారని కాదు, ఇప్పుడు రంగులు చూసుకుని ఏరుకుంటోంది.

అద్దాలు మొదట్లో ఎన్నిసార్లు విసిరేసిందో మీకు తెలుసు. ఇప్పుడు పొద్దున లేవగానే అదే వెతుక్కుంటుంది. పట్టీ దగ్గర మాత్రం ఇంకా బేరమే. సగం దొంగ వేషం వేస్తే గానీ అంటించుకోదు. మావాడూ మీ అమ్మాయీ వంతులవారీగా ఒక కంటికి పట్టీ వేసుకుని భోజనానికి కూర్చుంటున్నారు. నిన్న మావాడు మంచినీళ్ళ గ్లాసు అనుకుని గాలిని పట్టుకున్నాడు. పిడుగు పడీ పడీ నవ్వింది.

కిందటివారం డాక్టరమ్మ అక్షరాల బదులు బొమ్మలున్న పలక చూపించి, ఎడమకన్ను ఇదివరకటికంటే మూడు వరసలు కిందిదాకా చూస్తోంది, బాగా పుంజుకుంటోంది అంది. పట్టీ ఇంకా కొన్నాళ్ళు ఉండాలట. మీకు ఫోన్లో చెప్పారు కదా. కానీ ఇంకొకటి జరిగింది. అది నేను ఎవరికీ చెప్పలేదు, మీకే రాద్దామని దాచాను.

మొన్న మధ్యాహ్నం నా ఒళ్ళో కూర్చుంది. కుడికంటికి పట్టీ ఉంది. అంటే అది చూస్తున్నది ఎడమకంటితోనే. నేను గుండీ కుడుతున్నాను. అది తలెత్తి నా మొహం వంక తదేకంగా చూస్తోంది. కథ అడుగుతుందేమో అనుకున్నాను. వేలు పెట్టి నా గడ్డం కింద తాకింది.

"నాయనమ్మా, నీకు ఇక్కడ వెంట్రుక ఉంది. ఒక్కటే. తెల్లది."

అద్దంలో చూసుకున్నాను, నాకు కనపడలేదు. కళ్ళజోడు పెట్టుకుని వెలుతురులోకి వెళ్ళి చూస్తే అప్పుడు దొరికింది. దారప్పోగంత ఉంది.

పీకేద్దామని చెయ్యి పోయింది, మానేశాను. ఇప్పుడు రోజూ పట్టీ వేశాక గడ్డం ఎత్తి దానికి చూపిస్తున్నాను. "ఉందా?" అంటాను. "ఉంది" అంటుంది. షాపుకొచ్చినవాళ్ళు ఏమనుకున్నా సరే వదినగారూ, ఆ వెంట్రుక అలాగే ఉంచుకుంటాను.

మీ వదిన